7 శాతం రెగ్యులర్ సేవరా, 5 శాతం ఈజీ యాక్సెసా? ముందు ఆ ఒకటిన్నర శాతం సంగతి తేల్చండి

ఇది 2023 అక్టోబరులో రాసిన జవాబు. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు లెస్టర్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ) నర్సు. జీతం పడే బ్యాంకులోనే సేవింగ్స్ అకౌంటులో 9,600 పౌండ్లు ఉన్నాయి, దాని మీద ఒకటిన్నర శాతం వస్తోంది. నెలకు ఇంకో 500 మిగులుతోంది. 2025 మార్చిలో మీరు, మీ ఆయన, పాప ఐఎల్‌ఆర్‌కి (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) అప్లై చేయాలి. ఒక బ్యాంకు రెగ్యులర్ సేవర్‌కి (నెలనెలా కొంత కట్టే ఖాతా) 7 శాతం ఇస్తానంటోంది. మీ కొలీగేమో "అదంతా పైపై మెరుగు, చివరికి చేతికొచ్చేది మూడున్నరే, దానికన్నా 5 శాతం ఈజీ యాక్సెస్ నయం" అన్నారు. (ఈజీ యాక్సెస్ అంటే కావాలన్నప్పుడు డబ్బు తీసుకోగల సేవింగ్స్ ఖాతా.) పైగా రేట్లు ఇలా పెరుగుతుంటే ఇప్పుడు 7కి కట్టుబడిపోతే నష్టపోతామేమో అని మీ టెన్షన్.

సూటిగా చెప్తాను. రెండూ తెరవండి. జీతంలోంచి నెలనెలా మిగిలేది రెగ్యులర్ సేవర్‌లోకి, ఇప్పటికే కూడబెట్టింది మంచి రేటిచ్చే ఈజీ యాక్సెస్‌లోకి. ఈ వారం ఒక్క పనికే టైముంటే మాత్రం, ఆ 9,600ని ఒకటిన్నర శాతం నుంచి బయటికి తీయండి. రెగ్యులర్ సేవర్ వచ్చే వారమైనా తెరవొచ్చు.

నేనెవరో కూడా చెప్పాలి కదా. ఇక్కడ ఒక బిల్డింగ్ సొసైటీ (బ్యాంకు లాంటి పొదుపు సంస్థ) బ్రాంచిలో పదకొండేళ్లు కౌంటరులో పనిచేశాను. ఇప్పుడు రెడింగ్‌లో చిన్న షాపులకు, టాక్సీ నడిపేవాళ్లకు లెక్కలు రాస్తుంటాను. లైసెన్సున్న ఫైనాన్షియల్ అడ్వైజర్‌ని కాదు. కింద రాసిన రేట్లన్నీ 2023 అక్టోబరు నాటివి. ఆర్నెల్ల తర్వాత ఎవరైనా చదివితే రేట్లు మారి ఉంటాయి, లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

ఆ "మూడున్నర" ఎక్కడిది?

కౌంటరులో నేను ఎక్కువసార్లు విన్న గొడవ ఇదే. ఏడాది పూర్తయ్యాక పాస్‌బుక్ పట్టుకొచ్చేవాళ్లు. "ఇంత కట్టాను, ఇంత శాతం అన్నారు, సగమే వేశారు, మిగతాది ఏదీ?" అని. వాళ్లది అత్యాశేం కాదు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసిన అంకె చూసి, కట్టిన మొత్తంతో గుణించుకుని వచ్చేవాళ్లు.

మా నాన్న తెనాలి దగ్గర పల్లెలో ఊళ్లోవాళ్ల ప్రోనోట్లకు వడ్డీ లెక్క కట్టిపెట్టేవారు. విత్తనాలకని ఒక ఐదు వేలు, రెండు నెలలు పోయాక ఎరువులకని మూడు వేలు, కోతలప్పుడు ఇంకో రెండు వేలు, ఇలా ఒకే మనిషి విడతలుగా తీసుకునేవాడు. నాన్న చింపిన క్యాలెండరు కాగితం వెనక ఒక్కో మొత్తం రాసి, పక్కన అది ఎన్ని నెలలు వాడకంలో ఉందో వేసి, గుణించి, చివర కూడేవారు. కోతలప్పుడు తీసుకున్న రెండు వేలకు ఏడాది వడ్డీ వేస్తే అవతలి మనిషి ఊరుకుంటాడా? రెగ్యులర్ సేవర్‌లో అప్పిచ్చేది మీరు, వాడుకునేది బ్యాంకు. లెక్క అదే.

వేసి చూద్దాం. నెలకు 300 పౌండ్లు. 300 మీద 7 శాతం అంటే ఏడాదికి 21 పౌండ్లు, నెలకు 1.75. మొదటి నెల కట్టిన 300 పన్నెండు నెలలు ఉంటుంది. రెండోది పదకొండు నెలలు. చివరిది ఒక్క నెల. పన్నెండు, పదకొండు, పది... ఒకటి, అన్నీ కూడితే 78. 78ని 1.75తో గుణిస్తే 136.50 పౌండ్లు. ఫస్ట్ డైరెక్ట్ అనే బ్యాంకు 7 శాతం అకౌంటులో నెలకు 300 చొప్పున కడితే ఏడాది చివర వచ్చేది ఇంతే.

3,600 కట్టి 136 తీసుకుంటే 3.8 శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఆ 3,600 బ్యాంకులో ఏడాదంతా లేదు. ఉన్న నెలలకు పూర్తిగా 7 శాతమే వేశారు, పైసా తగ్గించలేదు. ఇండియాలో ఆర్‌డీ కట్టినవాళ్లకు ఇది కొత్తేం కాదు. రెగ్యులర్ సేవర్ అంటే ఇంచుమించు ఇక్కడి ఆర్‌డీయే. తేడా ఏంటంటే, ఇక్కడ సాధారణంగా నెలకు ఇంతకు మించి కట్టొద్దని గీత గీస్తారు. అంత రేటు ఎక్కువ డబ్బు మీద ఇవ్వడం వాళ్లకు గిట్టదు. ఆ రేటు మిమ్మల్ని లోపలికి రప్పించడానికి.

ఇప్పుడు మీ కొలీగ్ చెప్పిన పోలిక. అదే 300ని నెలనెలా 5 శాతం ఈజీ యాక్సెస్‌లో వేయండి. నెలకు 1.25 చొప్పున 78 నెలలకు 97.50 పౌండ్లు. 136.50 ఎక్కువా, 97.50 ఎక్కువా? మీ కొలీగ్ పోల్చింది ఏడాదంతా నిండుగా ఉన్న 3,600తో. ఆ 3,600 ఇవాళ మీ చేతిలో లేదు, జీతంలోంచి నెలనెలా రావాలి.

కాబట్టి నెలనెలా వచ్చే డబ్బుకు రెగ్యులర్ సేవర్ రేటు ఈజీ యాక్సెస్ రేటు కన్నా ఎక్కువున్నంత కాలం రెగ్యులర్ సేవరే గెలుస్తుంది. అంకెలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి చాలు. సగం చేయడాలేం లేవు.

కానీ ఎంతతో గెలిచింది? 39 పౌండ్లతో. ఏడాది మొత్తానికి.

అసలు నష్టం ఇంకోచోట ఉంది

మీ 9,600 మీద ఒకటిన్నర శాతం అంటే ఏడాదికి 144 పౌండ్లు. అదే 5 శాతంలో ఉంటే 480. తేడా 336, నెలకు 28 పౌండ్లు. రెగ్యులర్ సేవర్ వల్ల పెరిగేది 39, అకౌంటు మార్చితే పెరిగేది 336. మీరూ మీ కొలీగూ బ్రేక్ రూమ్‌లో 39 పౌండ్ల మీద వాదించుకున్నారు. 336 గురించి ఎవరూ మాట ఎత్తలేదు. నా దగ్గరికొచ్చే పదిమందిలో తొమ్మిదిమంది ఇంతే, కొత్తదాని మీద ఉన్న చూపు పాతదాని మీద ఉండదు.

బ్యాంకులు ఇలా ఎందుకు చేస్తాయంటే, చేయనిస్తున్నాం కాబట్టి. 2021 డిసెంబరులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బేస్ రేటు (మిగతా వడ్డీ రేట్లకు ఆధారమయ్యేది) 0.1 శాతం. అక్కడి నుంచి వరసగా పద్నాలుగు సార్లు పెంచుకుంటూ 2023 ఆగస్టుకి 5.25కి తెచ్చారు. ఇంటి లోన్ల మీద ఆ పెంపు వెంటనే కనబడింది. సేవింగ్స్ మీద? బ్యాంకుల మీద నిఘా పెట్టే ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ 2023 జులైలో లెక్క తీసింది. 2022 జనవరి నుంచి 2023 మే వరకు బేస్ రేటు పెరిగినదాంట్లో తొమ్మిది పెద్ద సంస్థలు ఈజీ యాక్సెస్ ఖాతాదారులకు అందించింది సగటున 28 శాతమే. 0.1 నుంచి 5.25 దాకా పెరిగింది 5.15. అందులో 28 శాతం వేసి చూడండి, 1.44 వస్తుంది. మీ ఒకటిన్నర దాదాపు అక్కడే ఉంది. మీ బ్యాంకు మిమ్మల్ని ప్రత్యేకంగా మోసం చేయలేదు, అందరికీ చేసినట్టే చేసింది.

జీతం పడే అకౌంటు మార్చక్కర్లేదు. అది అలాగే ఉంచి, సేవింగ్స్ మాత్రం వేరే చోట తెరవండి. 2023 అక్టోబరులో 5 శాతం, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ ఇస్తున్నవి చాలావరకు యాప్ బ్యాంకులు, చిన్న బిల్డింగ్ సొసైటీలు. పేరు వినలేదని భయపడొద్దు. ఎఫ్ఎస్‌సీఎస్ (బ్యాంకు మునిగితే డిపాజిట్ తిరిగిచ్చే పథకం) పరిధిలో ఉంటే, దాని పరిమితి దాకా (2023లో 85,000 పౌండ్లు) పెద్ద బ్యాంకుకు ఎంత భద్రతో దీనికీ అంతే.

మనవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు వస్తుంది, పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, బ్యాంకులో ఇంకోచోట, పేస్లిప్‌లో పొడి అక్షరంగా. కొత్త అకౌంటుకు డబ్బు పంపేటప్పుడు "పేరు సరిపోలలేదు" అని స్క్రీన్ మీద వస్తుంది, మనిషికి గుండె జారిపోతుంది. కొత్తది తెరిచేటప్పుడు జీతం బ్యాంకులో పేరు ఏ వరసలో ఉందో అదే వరసలో రాయండి. తర్వాత ముందుగా 10 పౌండ్లు పంపి, దాన్ని వెనక్కి తెప్పించుకుని చూడండి. రెండు వైపులా సాఫీగా వచ్చాకే మిగతాది పంపండి. కౌంటరులో ఉన్నప్పటి నుంచీ ఇది నా అలవాటు, ఇప్పటికీ మానలేదు.

ఈజీ యాక్సెస్ అని పేరున్నంత మాత్రాన అన్నీ ఈజీ కాదు. కొన్నిట్లో ఏడాదికి మూడుసార్లే తీయనిస్తారు, నాలుగోసారి తీస్తే రేటు పడిపోతుంది. కొన్నిట్లో మొదటి పన్నెండు నెలలకే బోనస్ రేటు, తర్వాత అడుక్కి. ఇంకో పాత ఎత్తు: అకౌంటు పేరు అదే, పక్కన "ఇష్యూ 5", "ఇష్యూ 6" అని నంబరు. కొత్తగా వచ్చేవాళ్లకు కొత్త ఇష్యూలో మంచి రేటు, పాత ఇష్యూలో ఉన్నవాళ్లు పాత రేటులోనే. అందుకే ఫోన్లో మూడు నెలలకోసారి రిమైండర్ పెట్టుకోండి. రేటు చూడటానికి రెండు నిమిషాలు పట్టదు.

రేట్లు పెరుగుతుంటే ఇరుక్కుపోనా?

మొదటి సంగతి, పెరుగుతూనే పోతున్నాయన్నది ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. 2023 సెప్టెంబరు 21న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో రేటు తేల్చే కమిటీ అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా ఓటేసి, 5.25 దగ్గరే ఆపింది. ద్రవ్యోల్బణం 2022 అక్టోబరులో 11.1 శాతానికి ఎగబాకింది, 2023 సెప్టెంబరుకి 6.7 దగ్గరికి వచ్చింది. ముందుముందు ఎటు పోతుందో చెప్పేంత తెలివి నాకు లేదు.

చెప్పనక్కర్లేదు కూడా. 7 శాతం ఫిక్స్‌డ్ అయితే, మీరు నష్టపోవాలంటే ఈజీ యాక్సెస్ 7 దాటాలి. బేస్ రేటే 5.25 అయినప్పుడు ఈజీ యాక్సెస్ 7 దాటడం అంటే మళ్లీ పెద్ద వరద రావాలి. వచ్చిందే అనుకోండి, చాలా రెగ్యులర్ సేవర్లలో నెలనెలా కట్టి తీరాలన్న బలవంతం ఉండదు. స్టాండింగ్ ఆర్డర్ (నెలనెలా దానంతటదే వెళ్లే చెల్లింపు) తగ్గించి, కొత్త డబ్బు ఇంకోచోట వేసుకోవచ్చు. కొన్ని నెల తప్పితే ఊరుకోవు, అది షరతుల్లో చూసుకోండి. అటు రేట్లు పడిపోతే మీ 7 ఏడాదిపాటు అలాగే ఉంటుంది. కాబట్టి ఈ కట్టుబాటు మీకు అనుకూలంగానే ఉంది.

8 శాతం అని నేషన్‌వైడ్ అనే బిల్డింగ్ సొసైటీ 2023 అక్టోబరులో ఇస్తున్న రెగ్యులర్ సేవర్ వేరే రకం. అది వేరియబుల్, నడుమ తగ్గించొచ్చు. నెలకు 200 గీత. మూడుసార్లు తీసుకోనిస్తారు. 200 చొప్పున ఏడాదంతా 8 శాతమే ఉంటే 104 పౌండ్లు. ఫస్ట్ డైరెక్ట్ దాంట్లో 300, దీంట్లో 200, మీ నెలసరి 500కి అతికినట్టు సరిపోతుంది. రెండింటికీ ఆ సంస్థలోనే కరెంట్ అకౌంటు (ఇక్కడ రోజువారీ వాడే మామూలు అకౌంటు) ఉండాలి. ఓపిక ఉంటే రెండూ, లేకపోతే ఒకటి. రెండో దానివల్ల 5 శాతం మీద అదనంగా వచ్చేది ఏడాదికి మరో 39 పౌండ్లే. నైట్ షిఫ్టులు చేసే మనిషికి ఇంకో కరెంట్ అకౌంటు, ఇంకో యాప్, ఇంకో పాస్‌వర్డ్ అంత విలువ చేస్తాయా అన్నది మీ ఇష్టం. నేనైతే చేస్తాను, నాకు ఇదో పిచ్చి.

రేట్లు పెరుగుతున్నాయని ఆగడంలో ఇంకో తప్పు చూశాను. నిరుడు మాకు తెలిసిన ఒక జంట, స్లౌలో ఉంటారు, 14,000 పౌండ్లు దాదాపు సున్నా వడ్డీ దగ్గర ఉంచి "ఇంకా పెరుగుతాయిగా అక్కా, ఆగి పెడదాం" అంటూ ఏడాది గడిపారు. ఆగాల్సింది రెండేళ్లకో మూడేళ్లకో ఫిక్స్ చేసేవాళ్లు. ఈజీ యాక్సెస్‌లో ఇవాళ పెట్టి, రేపు ఇంకోచోట ఎక్కువొస్తే రేపే లాగేయొచ్చు. దానికి ముహూర్తం ఎందుకు?

ఉన్న మొత్తాన్ని రెగ్యులర్ సేవర్‌లోకి కొంచెం కొంచెంగా మళ్లించొచ్చా?

మీరు అడగలేదు కానీ మీ విషయంలో పనికొస్తుంది. మీ జీతంలోంచి మీ పేరు మీద అకౌంట్లు నిండుతాయి. మీ ఆయన పేరు మీద ఇంకో రెగ్యులర్ సేవర్ తెరిచి, ఆ 9,600లోంచి నెలకు 300 చొప్పున అందులోకి పంపొచ్చు.

ఆ 3,600 వాటా వరకే లెక్క చూడండి. ఏడాదంతా 5 శాతం ఈజీ యాక్సెస్‌లోనే ఉంచితే 180 పౌండ్లు. అక్కడి నుంచి నెలకు 300 చొప్పున 7 శాతంలోకి పంపితే రెగ్యులర్ సేవర్‌లో 136.50, వంతు కోసం ఎదురుచూస్తున్న డబ్బు మీద 5 శాతం చొప్పున 82.50, మొత్తం 219. బాగుంది కదా. ఇప్పుడు ఇదే పని మీ ఒకటిన్నర శాతం అకౌంటు నుంచి చేయండి. 136.50కి ఎదురుచూపు వడ్డీ 24.75 కలిస్తే 161.25. అంటే ఏ శ్రమా పడకుండా 5 శాతంలో ఊరికే వదిలేసినవాళ్లకు 180 వస్తే, 7 శాతం కోసం నెలనెలా పంపిన మీకు 161 వస్తుంది. డబ్బు ఎక్కడికి వెళ్తోందన్నదే కాదు, వెళ్లేలోపు ఎక్కడ కూర్చుందన్నదీ ముఖ్యం. నేను మొదట్లోనే ఆ ఒకటిన్నర సంగతి చూడమన్నది ఇందుకే.

నాకు తగిలిన దెబ్బలు రెండు

ఒకటి స్టాండింగ్ ఆర్డర్ తారీఖు. నాకు అప్పట్లో 28న జీతం పడేది, అందుకని రెగ్యులర్ సేవర్‌కి 30వ తారీఖు పెట్టుకున్నాను. 2022 ఏప్రిల్ 30 శనివారం. తర్వాత ఆదివారం. సోమవారం మే 2 బ్యాంకు సెలవు. డబ్బు వెళ్లింది మే 3న. మళ్లీ మే 30 సోమవారం, మామూలు పనిరోజు, ఆ నెల వంతు వెళ్లింది. బ్యాంకు కంప్యూటరు దృష్టిలో ఏప్రిల్‌లో సున్నా, మేలో రెండు. రెండోదాన్ని గీత దాటిందని తిప్పి పంపేశారు. ఏప్రిల్ వంతు పోయినట్టే, ఆ అకౌంటులో మిగిలిన వంతు తర్వాతి నెలకు కలిసే సౌకర్యం లేదు. కొన్నిట్లో ఉంటుంది, ఫస్ట్ డైరెక్ట్ లాంటి చోట్ల. తారీఖు నెల మధ్యలో పెట్టుకోండి, 5 నుంచి 20 లోపు. పదకొండేళ్లు కౌంటరులో జనానికి ఈ మాటే చెప్పి, నా సొంతానికి 30 పెట్టుకున్నాను.

రెండోది గడువు తీరిన రోజు. పన్నెండు నెలలు కాగానే మొత్తం డబ్బును అదే బ్యాంకులో మామూలు సేవింగ్స్‌లోకి నెట్టేస్తారు. యాప్‌లో ఒక మెసేజ్ వస్తుంది, ప్రకటన అనుకుని తోసేస్తాం. నా డబ్బు అలా ఏడు నెలలు అర శాతం కూడా రాని చోట పడుంది. ఏడాది పొడుగునా సంపాదించిన అదనపు వడ్డీలో చాలావరకు అక్కడ కరిగిపోయింది. గడువు తేదీ ఇవాళే క్యాలెండరులో రాసుకోండి. ఆ రోజు డబ్బు ఈజీ యాక్సెస్‌కి పంపి, అప్పుడున్న రేట్లు చూసి కొత్త రెగ్యులర్ సేవర్ తెరవండి.

ఇక మధ్యలో డబ్బు అవసరం పడితే ఏంటన్నది. ఫస్ట్ డైరెక్ట్ దాంట్లో కొంత తీసుకోవడం కుదరదు, మూసేయాలి. మూసేస్తే అప్పటిదాకా 7 కాకుండా వాళ్ల మామూలు సేవింగ్స్ రేటే లెక్క కడతారు. అసలుకు ఢోకా లేదు, వడ్డీయే తగ్గుతుంది.

ఇందుకే మీ మొత్తం డబ్బూ ఇలాంటి వాటిలో పెట్టొద్దంటాను. 2019లో నాన్నకు ఒంట్లో బాగాలేదని అర్ధరాత్రి ఫోనొచ్చింది. అప్పుడు నా సేవింగ్స్ అంతా, తీయాలంటే 90 రోజుల ముందు చెప్పాల్సిన నోటీసు అకౌంటులో ఉంది, అర శాతం ఎక్కువొస్తుందని. మర్నాటి ఫ్లైటుకి టికెట్ క్రెడిట్ కార్డు మీద కొని, తర్వాత రెండు నెలలు దాని వడ్డీ కట్టాను. ఆ అర శాతం మీద ఏడాదికి వచ్చేదెంతో లెక్కేస్తే నవ్వొచ్చింది, అప్పుడు కాదు, చాలా రోజుల తర్వాత. దూరదేశంలో ఉన్నవాళ్లకు ఈజీ యాక్సెస్‌లో ఉండాల్సింది మూడు నెలల ఇంటి ఖర్చే కాదు, ఇద్దరికి ఉన్నపళంగా హైదరాబాదు టికెట్లు కూడా.

మీ ఐఎల్‌ఆర్ లెక్క

2023 అక్టోబరు 4 నుంచి ఫీజు ఒక్కొక్కరికి 2,404 నుంచి 2,885 అయింది. ముగ్గురికి 8,655. పాత ఫీజయితే 7,212. అంటే 1,443 పెరిగింది. మనం ఇక్కడ కూర్చుని 39కీ 336కీ గుణకారాలు చేస్తున్నాం, హోం ఆఫీసు ఒక్క రోజులో అంతకు నాలుగింతలు పట్టుకుపోయింది. ఏం చేస్తాం.

గడువు మాత్రం మీకు చక్కగా కుదిరింది. 2023 నవంబరులో తెరిచిన పన్నెండు నెలల రెగ్యులర్ సేవర్ 2024 నవంబరుకి చేతికొస్తుంది, అప్లై చేసేది 2025 మార్చి. మధ్యలో మూసేయాల్సిన పని ఉండదు. నవంబరు నుంచి మార్చి దాకా ఆ డబ్బు ఈజీ యాక్సెస్‌లో ఉంచండి, ఇంకో రెగ్యులర్ సేవర్‌లో కాదు. ఫీజు ఈలోపు మళ్లీ పెంచినా తట్టుకునేలా కొంచెం పైన చూసుకోండి.

పన్ను సంగతి

బేసిక్ రేటు (మామూలు శ్లాబు) పన్ను కట్టేవాళ్లకు ఏడాదికి 1,000 పౌండ్ల వడ్డీ దాకా పన్ను లేదు. హయ్యర్ రేటు (పై శ్లాబు) వాళ్లకు 500. రేట్లు అర శాతం ఉన్న రోజుల్లో 1,000 వడ్డీ రావాలంటే రెండు లక్షల పౌండ్లు ఉండాలి, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. 5 శాతం దగ్గర 20,000 ఉంటే చాలు, హయ్యర్ రేటు మనిషికి 10,000 చాలు. మీ అంకెలకు ఇంకా గీత దాటరు, ఐసా (వడ్డీకి పన్ను లేని ఖాతా) కోసం పరుగెత్తనక్కర్లేదు. రెగ్యులర్ సేవర్ వడ్డీ సాధారణంగా గడువు తీరిన రోజే మొత్తం ఒకేసారి పడుతుంది, అది ఏ పన్ను సంవత్సరంలో పడిందో ఆ ఏడాది లెక్కలోకే వస్తుంది. బ్యాంకులు వడ్డీ వివరాలు హెచ్‌ఎంఆర్‌సీకి (ఇక్కడి పన్నుల శాఖ) పంపుతాయి, దాచేదేం ఉండదు.

మీ ఆయన జీతం 12,570 లోపు అయితే ఇంకా వెసులుబాటు ఉంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు 1,000 కాక మరో 5,000 పౌండ్ల వడ్డీ దాకా సున్నా పన్ను. జీతం 12,570 దాటేకొద్దీ ఆ 5,000 తగ్గుతూ 17,570 దగ్గర అయిపోతుంది. అలాంటప్పుడు సేవింగ్స్ ఎక్కువ భాగం ఆయన పేరు మీద ఉండటమే లాభం.

ఇండియాకి పంపి అక్కడ ఆర్‌డీ, ఎఫ్‌డీ వేస్తే ఇంకా ఎక్కువ రాదా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఐఎల్‌ఆర్ ఫీజు కట్టాల్సింది పౌండ్లలో. పౌండు రూపాయి అయ్యి మళ్లీ పౌండు అయ్యేలోపు మారకం ఎటు తిరుగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. 2022 సెప్టెంబరు చివర డాలరు మీద పౌండు చరిత్రలోనే కనిష్ఠానికి పడిన వారం గుర్తుందిగా. పైగా ఎన్‌ఆర్‌ఈ (విదేశాల్లో ఉన్నవాళ్లు ఇండియాలో తెరిచే ఖాతా) వడ్డీకి ఇండియాలో పన్ను లేదంటే ఇక్కడా లేదని కాదు. ఇక్కడ నివాసం ఉంటున్నవాళ్ల లెక్కలో మామూలుగా అదీ ఆ 1,000లోకే వస్తుంది. నా దగ్గరికి రిటర్నులకొచ్చే మనవాళ్లలో సగం మందికి ఈ మాట మొదటిసారి నేనే చెప్పాల్సి వస్తుంది, వాళ్ల మొహాలు చూడలేను.

మీ ఆసుపత్రి ట్రస్టులో జీతం ఏ తారీఖున పడుతుందో, మీ ఆయన ఏడాది జీతం సుమారుగా ఎంతో కింద రాయండి. స్టాండింగ్ ఆర్డర్ ఎప్పుడు పెట్టుకోవాలో, ఏ అకౌంటు ఎవరి పేరు మీద ఉంటే మేలో చెప్తాను. 9,600 మాత్రం ఈలోపే కదిలించండి, నా జవాబు కోసం ఆగొద్దు.